ఫిక్రెత్ బిగించిన తాళం

సెనాద్ ఫోన్ చేసినప్పుడు నేను ఇలిజా చివరి స్టాపులో ట్రాము ఆపుకుని మాంసం కూరిన బురెక్ తింటున్నాను. నోరు నిండుగా ఉంది, వేళ్ళకి నూనె. ఫోన్ మోచేత్తో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మిర్జేతా, ఇల్లు మీకే ఇస్తున్నా. ఇంక వేరేవాళ్ళెవరికీ చూపించను" అన్నాడు లింజ్ నుంచి.

అంతే. అక్కణ్ణుంచి సరయెవో నడిబొడ్డుకి తిరిగొచ్చే దారంతా ట్రాము గంట ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. పట్టాల మీద మనిషి లేడు, కుక్క కూడా లేదు, అయినా కొడుతూనే ఉన్నాను. స్కెందెరియా దగ్గర ఒక పెద్దాయన వచ్చి నా క్యాబిన్ అద్దం మీద తట్టాడు.

"ఏమ్మా, పెళ్ళా ఏంటి?"

"ఇల్లు కొంటున్నాం."

"అయితే కొట్టు" అని వెళ్ళి కూర్చున్నాడు.

నాకు నలభై, మా ఆయన ఫిక్రెత్‌కి నలభై మూడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళూ ఒకే అద్దె ఇల్లు, చెంగిచ్ విలాలో అయిదో అంతస్తు. మూడు గదులకి అద్దె కట్టాం, రెండు గదుల్లో బతికాం. మూడో గదిలో ఇంటాయన తన సామాన్లు పెట్టుకుని తాళం వేసుకున్నాడు. ఏడాదికోసారి ఎండాకాలంలో వస్తాడు, ఆ గది తెరుస్తాడు, లోపల అరగంట కూర్చుంటాడు, మళ్ళీ తాళం వేసుకుని పోతాడు. ఆయన లోపల ఏం చేస్తాడో నాకు ఈనాటికీ తెలియదు.

తమాషా ఏమిటంటే, ఫిక్రెత్ తాళాలు బాగుచేసేవాడు. తాళంచెవి లోపల మర్చిపోయి తలుపేసుకున్న ఊరందరికీ మా ఆయనే దిక్కు. ఆ గది తాళం తియ్యడం ఆయనకి అర నిమిషం పని. "ఒక్కసారి తెరువు, ఏముందో చూద్దాం" అని ఎన్నిసార్లు అడిగానో. "మనది కాదు కదా" అంటాడు, అంతే. స్నానాల గదికి ఆ తలుపు పక్కనుంచే వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా నేను భుజం కాస్త లోపలికి లాక్కునేదాన్ని. పద్నాలుగేళ్ళు లాక్కున్నాను.

ఇప్పుడు వ్రాత్నిక్ కొండ మీద మాకు ఇల్లు. సెనాద్ వాళ్ళమ్మ వాస్వియాగారు పోయినప్పట్నుంచీ ఖాళీగా ఉంది. కింద రెండు గదులు, పైన చెక్కతో కట్టిన ఒక గది, చిన్న గులకరాళ్ళు పరిచిన లోగిలి, అందులో ఒక బేరి చెట్టు. లోగిలికి గోడ, గోడలో వీధి వైపు గేటు, వెనక వైపు ఒక చిన్న తలుపు. తల వంచుకుని దూరాల్సినంత చిన్నది. పాత పేటల్లో పక్కింటికీ మనింటికీ మధ్య అలాంటి తలుపు ఉంటుంది. కపిజిక్ అంటాం. నేను పుట్టింది త్రావ్నిక్‌లో, మా అమ్మమ్మ ఇంట్లో రెండుండేవి.

మేము ఇల్లు చూడ్డానికి మొదటిసారి వెళ్ళినరోజు ఆ తలుపులోంచే ఒక ముసలావిడ చేతిసంచీతో వచ్చింది. తెల్లటి తలగుడ్డ, ఇంట్లో తొడుక్కునే చెప్పులు. మమ్మల్ని పైనుంచి కిందదాకా చూసి, "ఓ, మీరేనా" అంది. లోగిలి దాటి వీధి గేటులోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడే పక్కింటి హైరియా మామ్మ. నాకది వింతగా అనిపించలేదు. ఫిక్రెత్ మాత్రం గోడలోంచి దయ్యం వచ్చినట్టు చూస్తూ ఉండిపోయాడు.

కాగితాలు చూసిన నోటరీ గుమాస్తా మాకో సంగతి చెప్పింది. ఆ వెనక గోడ రెండిళ్ళకీ ఉమ్మడి. కాబట్టి ఇల్లు అమ్ముడైతే ముందుగా కొనే హక్కు హైరియా మామ్మది. "నాకు వద్దు, వీళ్ళకే అమ్ముకోండి" అని ఆవిడ వచ్చి సంతకం చెయ్యాలి. గడువు వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం మధ్యాహ్నం పన్నెండు.

"ఒట్టి లాంఛనం లెండి" అంది గుమాస్తా.

మామ్మ దగ్గరికి వెళ్ళి అడిగితే, "వచ్చే గురువారం పదింటికి వస్తాను, నా చేత ఆ సంతకమేదో పెట్టించుకోండి" అని, చేతిలో ప్లమ్ జామ్ సీసా ఒకటి పెట్టింది. ఇంక నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్తే నవ్వుతారు. కర్టెన్ల గుడ్డ కొనేశాను. కత్తిరించేశాను కూడా. టేపు పట్టుకుని నాలుగుసార్లు కిటికీలు కొలిచాను, నాలుగుసార్లూ నాలుగు కొలతలు వచ్చాయి. పాత ఇల్లు మరి, నేను కొలిచినప్పుడల్లా కాస్త జరిగిందేమో. వంటింటి గోడలకి పసుపు రంగు అని నేను, తెలుపు అని ఫిక్రెత్. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీకి లేచి మొహం కడుక్కుంటూ, "పొయ్యి తూర్పు గోడకి పెడదామా?" అని అరిచేదాన్ని. దుప్పట్లోంచి "పెట్టు తల్లీ, ఎక్కడైనా పెట్టు" అని వినబడేది. పిజ్జా డబ్బా వెనక ఇంటి బొమ్మ గీసి ఫ్రిజ్ మీద పెట్టుకున్నాం. రోజుకొక కుర్చీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారేది, కాగితం మీదే.

ఆదివారం ఫిక్రెత్ ఒక్కడే వెళ్ళాడు, పైకప్పు ఎక్కడ కారుతోందో చూస్తానని. వీధి చివర రొట్టెల కొట్లో సెనాద్ తాళంచెవి ఉంచాడు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు కనురెప్పల మీద సున్నం, మొహమంతా వెలుగు.

"ఒక చిన్న పని చేసొచ్చా. గృహప్రవేశం రోజు చూపిస్తా" అన్నాడు.

"ఏంటో చెప్పు."

"చెప్పను. తాళాలవాడి పెళ్ళాం ఇల్లులా ఉండాలిగా."

ముద్దొచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆయనకి చివరి బురెక్ ముక్క కూడా వదిలేశాను.

గురువారం ఇద్దరం పెళ్ళికి వెళ్ళినట్టు తయారై నోటరీ ఆఫీసులో కూర్చున్నాం. పది అయింది. పదిన్నర. గుమాస్తా మా వైపు చూడ్డం మానేసింది. పదకొండుకి సెనాద్ ఫోన్.

"హైరియా మామ్మ సంతకం పెట్టదట. తనే కొంటానంటోంది. గ్రాజ్‌లో ఉన్న కూతురు డబ్బు పంపిస్తుందట."

"ఎందుకు? మొన్నే కదా వస్తానంది. జామ్ కూడా ఇచ్చింది."

"నన్నడిగితే నేనేం చెప్పను? అదే నేనూ అడిగా. 'ఆ అమ్మాయిని వాళ్ళ తాళాలాయన్నే అడగమను' అంది. ఇంకేం చెప్పలేదు. హక్కు ఆవిడది, నా చేతుల్లో ఏం లేదు మిర్జేతా."

నేను ఫోన్ పెట్టేసి ఫిక్రెత్ వైపు తిరిగాను. తేలు కుట్టిన దొంగలా గోడ మీద గడియారం చూస్తున్నాడు.

"ఆదివారం ఏం చేశావ్?"

"మంచి పనే చేశా. వెనక గోడలో తలుపు లేదూ, వేలాడుతోంది. దానికి గడియ కూడా లేదు. కొత్త బందులు వేసి, మూడు బోల్టుల తాళం ఒకటి బిగించా. షాపులో అదే అన్నిటికంటే మంచిది. అది తియ్యడం ఎవడి వల్లా కాదు, నా వల్ల కూడా కష్టమే."

ఆ చివరి మాట గర్వంగా అన్నాడు.

"పక్కింటివాళ్ళ తలుపుకి తాళం వేశావా?"

"మన లోగిల్లోకి ఉన్న తలుపు కదా. ఎవడైనా రావచ్చు."

"ఎవడూ రాడు. ఆవిడ వస్తుంది. ఆవిడ రావడానికే ఆ తలుపు పెట్టింది."

"మరి నాకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు, నిజమే. ఆయన పెరిగింది అలీపాషినో పోల్యేలో, ఎనిమిదో అంతస్తు. అక్కడ పక్క ఫ్లాటువాడు పోతే కింద గుమ్మం దగ్గర అంటించిన కాగితం చూసి తెలుసుకుంటారు. కపిజిక్‌కి తాళం వెయ్యడమంటే మొహం మీద ఉమ్మినట్టని ఆయనకెలా తెలుస్తుంది? కానీ అప్పుడు ఇంత నిదానంగా ఆలోచించలేదు నేను. నోటరీ ఆఫీసు బయట వీధిలో నిలబడి ఆయన్ని అన్న మాటలు మా అమ్మ వింటే నా నోరు సబ్బుతో కడిగేది. ఆఖరికి, "కర్టెన్ గుడ్డ షాపువాడు వెనక్కి తీసుకుంటాడా?" అని మాత్రం అడిగాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం నాకు డ్యూటీ. గంట ఒక్కసారి కూడా కొట్టలేదు, కొట్టాల్సిన చోట కూడా. శనివారం మధ్యాహ్నం కిలో కాఫీ పొడి, ఒక డబ్బా చక్కెర బిళ్ళలు పట్టుకుని ఇద్దరం వ్రాత్నిక్ ఎక్కాం.

"నా దగ్గర చెవి ఉంది, ఆ చిన్న తలుపులోంచి పోదాం, దగ్గర కదా" అన్నాడు ఫిక్రెత్.

నేను చూసిన చూపుకి చెవి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

అలా చుట్టూ తిరిగి పై సందులోంచి మామ్మ ఇంటి అసలు గుమ్మానికి వెళ్ళాం. అటు దారంటే దారి కాదు, మెట్లు. ఒక్కోటీ ఒక్కో ఎత్తు, పట్టుకోవడానికి ఏమీ లేదు. నేను రోజంతా కూర్చుని పనిచేసే దాన్ని, ముప్ఫై మెట్లకే రొప్పడం మొదలైంది. యాభై దగ్గర గోడకి ఆనుకున్నాను. అక్కడ నిలబడి కిందికి చూస్తే మా లోగిలి కనిపించింది, దాని గేటు, గేటు ముందు చదునుగా వీధి, వీధిలో రొట్టెల కొట్టు. మామ్మ గుమ్మం నుంచి కొట్టుకి మా లోగిల్లోంచి పోతే వంద అడుగుల కంటే ఎక్కువ ఉండదు. ఇటు పోతే ఈ మెట్లన్నీ దిగి, కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ ఇవన్నీ ఎక్కాలి. చేతిలో సంచీతో, డెబ్భై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో.

"ఫిక్రెత్" అన్నాను. ఆయన కూడా అటే చూస్తున్నాడు. మొహం మాడిపోయి ఉంది.

డెబ్భై ఒకటి మెట్లు మొత్తం. మామ్మ తలుపు తీసి, మా బూట్ల వైపు, చేతిలో పొట్లాల వైపు, ఆఖర్న మా మొహాల వైపు చూసింది.

"ఓహో, తాళాలాయన వచ్చాడే. రండి. బూట్లు విప్పండి, చెప్పులు అక్కడున్నాయి."

కోపం కోపమే, మర్యాద మర్యాదే. గోడ వారన పరిచిన మెత్తటి బల్ల మీద కూర్చోబెట్టింది. ఇత్తడి జెజ్వా గిన్నెలో కాఫీ కాచి, పిడి లేని చిన్న ఫిల్జాన్ కప్పుల్లో పోసింది. ఈ మొదటి కాఫీ రండి రండి అనడానికి. ఇది తాగేటప్పుడు పని మాట ఎత్తకూడదు. రెండోది వచ్చాక మాట్లాడుకోవచ్చు. మూడోది వచ్చిందంటే ఇంక లేవండి అని అర్థం. నోటితో ఎవరూ చెప్పరు, జెజ్వా చెప్పేస్తుంది. ఇంత దాకా ఫిక్రెత్‌కి కూడా తెలుసు. చక్కెర బిళ్ళ కాఫీలో ముంచి, బుగ్గన పెట్టుకుని, నేను ట్రాముల గురించి మాట్లాడాను. ఆవిడ వానల గురించి మాట్లాడింది. నా జీవితంలో అంత పొడుగు కాఫీ తాగలేదు.

రెండో ఫిల్జాన్ నిండగానే ఫిక్రెత్ అందుకున్నాడు.

"మామ్మగారూ, తప్పయింది. నాకు తెలీదు."

"ఏం తెలీదు నాయనా? తాళం వెయ్యడం తెలీదా? బాగానే వేశావే. నేను రాయి పెట్టి కొట్టినా కదల్లేదు."

"రాయి పెట్టి కొట్టారా?" అన్నాన్నేను.

"మరేం చెయ్యను? ఆదివారం రొట్టె కోసం వెళ్ళాను, ఇంటి చెప్పులతో. కొట్లో ఇద్దరు ముగ్గురు కనబడితే, తర్వాతి వాయి రొట్టెలు కాలేదాకా మాటల్లో పడ్డాను. తిరిగొచ్చేసరికి మీ లోగిల్లో మనిషి లేడు, తలుపు మూసి ఉంది. తోశాను. భుజంతో తోశాను. చూస్తే తళతళా మెరిసిపోతూ తాళం. వేడి రొట్టె చంకలో పెట్టుకుని నా ఇంటి గోడ పక్కనే నిలబడి ఉన్నాను, ఇల్లు కనబడుతోంది, లోపలికి పోలేను. ఆ చెప్పులతోనే మెట్లెక్కి వచ్చేసరికి గంట పట్టింది. రొట్టె చల్లారిపోయింది."

ఫిక్రెత్ తల నేలకేసి ఉంది.

"మాకు ఫోన్ చెయ్యాల్సింది మామ్మగారూ" అన్నాను.

"నీ ఫోన్ నంబరు నాకెందుకమ్మాయ్? తలుపు ఉందిగా."

అప్పుడు మా ఆయన, ఆ మహానుభావుడు, జేబులోంచి చెవి తీశాడు. "ఇది మీ దగ్గర ఉంచుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుని..."

నేను పక్కనుంచి ఆయన కాలు తొక్కాను, కానీ ఆలస్యమైపోయింది. మామ్మ చేతిలో ఫిల్జాన్ టక్కున పళ్ళెంలో పడింది.

"నలభై రెండేళ్ళు వాస్వియా ఇంటికి వెళ్ళాను. ఇద్దరం మాట్లాడుకోని ఏడాది కూడా ఉంది, కోడి గురించి. ఆ ఏడాది కూడా ఆ తలుపులోంచే వెళ్ళాను, ఆవిడ మొహం చూడకుండా. ఇప్పుడు బొడ్లో తాళంచెవి పెట్టుకుని తిరగమంటావా?"

నోరు తెరవకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చాను. ఆయన మాట్లాడాలి, నేను ఊరుకోవాలి, అదీ ఒప్పందం. ఆ ఒట్టు గట్టు మీద పెట్టేశాను.

"మామ్మగారూ, మేమున్న ఇంట్లో ఒక గది ఉంది, తాళం వేసి. పద్నాలుగేళ్ళు దాని పక్కనే నడిచాం. అద్దె కట్టాం, తుడిచాం, ఆ తలుపు మీద దుమ్ము కూడా నేనే దులిపాను. ఒక్కరోజు కూడా అది నా ఇల్లు అనిపించలేదు. తాళం అవతల నిలబడ్డం అంటే ఏంటో మాకు తెలుసు. తెలిసి కూడా మీకు అదే చేశాం. మీ ఇష్టం, మీరే కొనుక్కోండి. నేను మాత్రం ఈ ఇల్లు ఎంతగా కోరుకున్నానంటే, వారం నుంచి నిద్ర లేదు, పట్టాల మీద పిచ్చిదానిలా గంట కొట్టుకుంటూ తిరిగాను, కర్టెన్లు కూడా కత్తిరించేశాను. నాకు ఆ ఇల్లు కావాలి. దాన్లో మీరు నడిచే దారి కూడా కావాలి. అది లేకపోతే అది ఇంకో అయిదో అంతస్తే."

ఏడవకూడదనుకున్నాను కాబట్టి ఏడుపు ఇంకా ఎక్కువ వచ్చింది. మామ్మ చక్కెర డబ్బా నా వైపు జరిపింది.

"తిను. కర్టెన్లు ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"ఆ ఇంటికి ఎండ తక్కువ. పసుపు వేసుకోవాల్సింది."

"గోడలకి పసుపు వేద్దామని నేను మొదట్నుంచీ..." అంటూ ఫిక్రెత్ వైపు తిరిగాను. ఆయన అక్కడ లేడు. లేచి ఎప్పుడు వెళ్ళాడో చూడలేదు. కాసేపటికి వెనక గోడ వైపునుంచి మరలు విప్పుతున్న చప్పుడు వినబడింది. మా ఆయన స్క్రూడ్రైవరు లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు.

"రెండిళ్ళు పెట్టుకుని నేనేం చేసుకుంటానే పిల్లా" అంది మామ్మ ఆ చప్పుడు వింటూ. "ఒక ఇల్లు ఊడ్చేసరికే నడుం పడిపోతోంది. మా అమ్మాయి గ్రాజ్ నుంచి ఫోన్లో నన్ను తిట్టని తిట్టు లేదు. కానీ ఆ గోడ అవతల ఎవరో తెలియని మనిషి, తాళం వేసుకునే మనిషి... నాకు భయమేసింది. అదీ సంగతి. పొద్దున్నే ఎన్నింటికి లేస్తావ్?"

"మూడింటికి. మొదటి ట్రాము నాది."

"నేను ఆరింటికి మీ లోగిల్లోంచి పోతాను. తలుపు తట్టను. వాస్వియా రోజూ తిట్టేది, నిద్ర పాడు చేస్తున్నానని."

"ఆరింటికి నేను రెండు ట్రిప్పులు వేసేసి ఉంటాను. తిట్టాలంటే మా ఆయన ఉంటాడు, నాకంటే బద్ధకం."

ఆవిడ నవ్వలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి జెజ్వా మళ్ళీ పెట్టింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూడోది. ఇంత మాట్లాడి, ఇంత ఏడ్చి, ఆఖరికి లేవండి అంటోంది. మా అమ్మమ్మ కూడా అంతే, మనసులో ఏముందో మొహం మీద తెలియనిచ్చేది కాదు, కాఫీతో తేల్చేసేది. చేతిసంచీ వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఫిల్జాన్లు మూడు, జెజ్వా, చక్కెర, అన్నీ పళ్ళెంలో సర్ది, మామ్మ దాన్ని నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నాకు మోకాళ్ళు వంగవు, ఆ తలుపు దగ్గర ఒలికిపోతుంది. ఇది అవతల తాగుదాం."

అర్థం కావడానికి నాకు రెండు క్షణాలు పట్టింది.

సంతకం ఆవిడ సోమవారం పెట్టింది, పన్నెండుకి పది నిమిషాలుండగా. కళ్ళజోడు మర్చిపోయి వచ్చి గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేసింది. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. నన్నడిగితే మాకు ఇల్లొచ్చింది శనివారమే.

ఆ శనివారం మేం పళ్ళెంతో వెళ్ళేసరికి చిన్న తలుపు తెరిచి ఉంది. తాళం ఉన్న చోట మూడు చిల్లులు మిగిలాయి. ఫిక్రెత్ గోడ పక్కన గొంతుక్కూర్చుని, బోల్టులు రుమాల్లో చుట్టుకుంటున్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. నేను తల వంచి పళ్ళెంతో దూరాను. వెనకే మామ్మ, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, గడప దాటింది. ఆ చెయ్యి బరువు బాగానే ఉంది. ఈసారి భుజం లోపలికి లాక్కోలేదు.

బేరి చెట్టు కింద రాతి అరుగు ఉంది. పళ్ళెం దాని మీద పెట్టాను. మామ్మ కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూసింది. నేనూ కూర్చుని ఆవిడ వైపు చూశాను, పోస్తుందని. ఫిక్రెత్ మా ఇద్దరి వైపూ చూశాడు. ఎవరూ కదల్లేదు. జెజ్వాలోంచి ఆవిరి పోతోంది.

"ఏం చూస్తావే పిల్లా? ఇక్కడ నేను చుట్టాన్ని. ఇంటావిడవి నువ్వు, కాఫీ నువ్వే పొయ్యాలి."

నా చేతులు ట్రాము బ్రేకు మీద ఎప్పుడూ వణకలేదు. మంచు పడి పట్టాలు కనబడని రోజు కూడా వణకలేదు. ఆ చిన్న ఫిల్జాన్‌లో పొయ్యడానికి వణికాయి. సగం పళ్ళెంలో పోశాను. ఫిక్రెత్ నవ్వబోయి, నా కళ్ళు చూసి మానుకున్నాడు. ఆయన కళ్ళు కూడా ఏమంత పొడిగా లేవు.

మామ్మ తీరిగ్గా తాగింది. వీధిలో రొట్టెల వాసన వస్తోంది. మా కిటికీలు, ఇంకా కర్టెన్లు లేనివి, మాకెదురుగా ఉన్నాయి. ఆవిడ ఖాళీ ఫిల్జాన్ పళ్ళెంలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసి లేవబోయింది.

"మూడోది కూడా తాగేశాను. ఇంక పోతాను, మర్యాదగా ఉండదు. మీకు బోలెడు పనులుంటాయి."

"అప్పుడే లేస్తారేంటి మామ్మగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "కూర్చోండి. మా ఇంటికి మొదటిసారి వచ్చి, వట్టి కాఫీ తాగి వెళ్ళిపోతారా?"

పెట్టడానికి ఇంట్లో ఏముందని? ఒక చెంచా కూడా లేదు. ఫిక్రెత్ అప్పటికే గేటు తీసుకుని రొట్టెల కొట్టు వైపు పరుగెత్తుతున్నాడు. మామ్మ మళ్ళీ కూర్చుంది.